సంగీత ప్రాథమిక పరిభాష – శబ్దార్థ వివేచనము

శాస్త్రమునకు పరిభాష ద్వారము వంటిది. ప్రతి శాస్త్రమును లోకవ్యవహారమునందలి శబ్దమునే గ్రహించి, దానికి తనదైన అర్థమును నియమించుకొనును. వ్యాకరణమునందలి గుణము వేరు, తర్కమునందలి గుణము వేరు, అలంకారశాస్త్రమునందలి గుణము వేరు. ఈ భేదము ప్రాచ్యకళాశాలలలో బోధించువారికి సుపరిచితమే. సంగీతమునందును ఇట్టి స్థితియే కలదు. కాని కావ్యములలో సంగీతవర్ణనలు తటస్థించినపుడు నిఘంట్వర్థముతో తృప్తిపడుట జరుగుచున్నది. అట్లు నేర్చిన విద్యార్థి పదమునకు అర్థము చెప్పగలడు గాని, గానమును విన్నపుడు ఆ అంశమును గుర్తింపజాలడు. కావున ప్రారంభదశలో పొరపాటునకు తావిచ్చు కొన్ని పదములను ఇచట పరిశీలింతము.

ఈ విచారణకు విజయనగరము తగిన క్షేత్రము. సంస్కృత విద్యకు నెలవైన ఈ పట్టణముననే 1919లో విజయరామ గజపతిరాజు సంగీతకళాశాలను నెలకొల్పెను. దానికి తొలి ప్రధానాచార్యులు ఆదిభట్ల నారాయణదాసు. 1936లో ఆ పదవి ద్వారం వెంకటస్వామినాయుడుగారికి సంక్రమించినది. నారాయణదాసుగారు కవి, బహుభాషావేత్త, హరికథకులు, లయజ్ఞులు. సాహిత్యపరిభాషయు సంగీతపరిభాషయు వారియందు ఒక్కచోటనే వసించినవి. నేటి విద్యార్థికి ఆ రెండును వేరువేరు తరగతులలో లభించుచున్నవి. వానిని కలుపు బాధ్యత అధ్యాపకునిది.

శ్రుతి: సంస్కృత విద్యార్థికి శ్రుతియనగా మొదట స్ఫురించునది వేదము. సంగీతమున దీనికి మూడర్థములు కలవు. మొదటిది సూక్ష్మనాదాంతరము. భరతుని నాట్యశాస్త్రము షడ్జగ్రామమున సప్తకమునకు 22 శ్రుతులను చెప్పినది. షడ్జ, మధ్యమ, పంచమములకు నాలుగేసి, రిషభ ధైవతములకు మూడేసి, గాంధార నిషాదములకు రెండేసి శ్రుతులు. రెండవది ఆధారశ్రుతి. గాయకుడు షడ్జముగా నిలుపుకొను నాదమిది. తంబురా దీనినే ఎడతెగక వినిపించును. శ్రుతి కలుపుట, శ్రుతి తప్పుట అను వాడుకలు దీనికి సంబంధించినవి. మూడవది హార్మోనియము మెట్లనుబట్టి వచ్చిన వ్యవహారము. ఒకటవ శ్రుతి, రెండున్నర శ్రుతి యనునవి ఆధారషడ్జమును ఏ మెట్టుపై నిలిపిరో తెలుపును. మూడవ, నాలుగవ తెల్లమెట్ల నడుమ నల్లమెట్టు లేదు గనుక మూడున్నర శ్రుతి యనునది లేదు. కావున చతుశ్శ్రుతి రిషభమునందలి నాలుగు పూర్వపు అంతరగణనకు చెందినది. నాలుగవ శ్రుతిలో పాడుటయందలి నాలుగు మెట్టుసంఖ్య. ఈ రెండింటికిని సంబంధము లేదు.

స్వరము: వ్యాకరణమున స్వరము అచ్చు; వేదమున ఉదాత్తాదులు. సంగీతమున షడ్జాదులు ఏడు స్వరములు. కర్ణాటక పద్ధతిలో ఇవి నిలుచు స్థానములు 12, వాని పేర్లు 16. స్థానములు తక్కువయు పేర్లు ఎక్కువయు ఏల? ఈ ప్రశ్న ప్రతి ప్రారంభకునికిని కలుగును. షడ్జ మధ్యమముల నడుమ నాలుగు స్థానములు కలవు. వానిలో రెండింటిని గ్రహించి, క్రిందిదానిని రిషభమనియు పైదానిని గాంధారమనియు వ్యవహరింతుము. రెండవ స్థానము తనకు పైన గాంధారమున్నపుడు చతుశ్శ్రుతి రిషభము. తనకు క్రింద శుద్ధ రిషభమున్నపుడు శుద్ధ గాంధారము. ఒకే వస్తువు క్రియాసంబంధమునుబట్టి కర్తయో కర్మయో అయినట్లు, ఒకే స్థానము సంబంధమునుబట్టి వేరు పేరు పొందును. ఇట్లు రిషభ గాంధారములకు ఆరు జతలు, ధైవత నిషాదములకు ఆరు జతలు ఏర్పడును. వీనిని హెచ్చింపగా 36. మధ్యమములు రెండగుటచే 72 మేళములు. 17వ శతాబ్దమున వేంకటమఖి చతుర్దండీప్రకాశికలో నిరూపించిన లెక్క ఇది. దీనిని కంఠస్థము చేయించుటకంటె విద్యార్థిచే కట్టించుట మేలు.

జాతి, లఘువు, యతి: తెలుగు ఛందస్సున కందము, ద్విపద మున్నగునవి జాతులు. భరతుని గ్రంథమున జాతులు 18; అవి స్వరసన్నివేశ విశేషములు. తాళమున జాతియనగా లఘువు పరిమాణము: తిస్రము 3, చతురస్రము 4, ఖండము 5, మిశ్రము 7, సంకీర్ణము 9 అక్షరములు. ఇచట అక్షరమనగా వర్ణము కాదు, కాలప్రమాణము. ఛందస్సున లఘువు ఏకమాత్రాకము. ఆదితాళమున అదే లఘువు నాలుగక్షరములు. దానికి రెండక్షరముల ద్రుతములు రెండు చేరగా ఆవర్తనము ఎనిమిది అక్షరములగును. యతి సంస్కృత ఛందస్సున విరామము, తెలుగున వడి. సంగీతమున అది తాళదశప్రాణములలో ఒకటి. రచనాంగముల కాలపరిమాణము ఒక క్రమమున నడచుటను తెలుపును. అంగములు క్రమముగ తగ్గినచో గోపుచ్ఛము, పెరిగినచో స్రోతోవహము. ఆవుతోక, నదీప్రవాహము అను ఉపమానములే ఇచట లక్షణమును పట్టియిచ్చుచున్నవి.

ఈ పరిశీలనమువలన బోధనకు రెండు నియమములు తేలుచున్నవి. పదమునకు అర్థము చెప్పునపుడు ఏ శాస్త్రమున ఆ అర్థమో పేర్కొనవలెను. శ్రుతియని ఊరకుండక శ్రుత్యంతరమనియో ఆధారశ్రుతియనియో విభజించి చెప్పవలెను. నాదము వినిపించి, చేత తాళము వేయించిన పిదపనే పేరు చెప్పవలెను. తరగతిలో తంబురా ఒక్కటి మ్రోగిన చాలును. సంజ్ఞ తన సంజ్ఞిని చేరును. అట్టి అభ్యాసము పొందిన విద్యార్థి లక్షణగ్రంథమును తానే చదువుకొనగలడు, కచేరిలో విన్నదానిని ఆ లక్షణముతో పోల్చుకొనగలడు.