నాణెంపై కంకి: రోమ్ నుంచి జహీరాబాద్ దాకా

రోమ్: ధాన్యమే రాజకీయం

క్రీ.పూ. 123లో రోమన్ నాయకుడు గయస్ గ్రాకస్ చట్టంతో రోమ్ పౌరులకు ధాన్యం చౌకగా అందింది. క్రీ.పూ. 58లో మరో నాయకుడు క్లోడియస్ దాన్ని ఉచితం చేశాడు. ఈజిప్టు, ఉత్తర ఆఫ్రికా ధాన్యపు ఓడలు ఆలస్యమైతే నగరంలో అలజడే. క్రీ.శ. 51 కరవులో జనం చక్రవర్తి క్లాడియస్‌నే ఫోరం అనే నగర కూడలిలో చుట్టుముట్టారు. తర్వాత వచ్చిన నీరో తన నాణేలపై ధాన్యదేవత సెరెస్‌ను, ధాన్య సరఫరాకు ప్రతిరూపమైన అనోనాను, కొలపాత్రను, ఓడను ముద్రించాడు. సరఫరాకు ఢోకా లేదని జనానికి చెప్పుకోవడమే ఇది. తర్వాతి కాలపు చక్రవర్తి నెర్వా అయితే నగర పేదలకు ధాన్యం ఏర్పాటు చేశానని అక్షరాల్లోనే చెక్కించాడు.

రోమ్ నాణేలు ఇక్కడికీ చేరాయి: మన సంగారెడ్డి జిల్లా కొండాపూర్ తవ్వకాల్లో శాతవాహన నాణేలతో పాటు రోమన్ నాణెం కూడా బయటపడింది. ప్రిలిమ్స్‌కు గుర్తుంచుకోండి.

భారత్: గోధుమదే పెద్దపీట

1950 నాటి రూపాయిపైనే గోధుమ కంకులున్నాయి. 1970లో ‘అందరికీ అన్నం’, 1973లో ‘ఎక్కువ ఆహారం పండించండి’ అనే నినాదాలు నాణేలకెక్కాయి. 1974లో ‘అందరికీ అన్నం’ పక్కన చిన్న కుటుంబం సందేశం చేరింది. కొరతకు జనాభాయే కారణమన్న వాదనను ప్రభుత్వం ఇలా ప్రతి జేబులోకీ చేర్చింది.

జహీరాబాద్: నాణెం కంటే ముందే పంట

1983లో ముఖ్యమంత్రి ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చారు. పేదల కడుపు నిండింది, నిజమే. కానీ రేషన్ దుకాణంలో జొన్నకు చోటు లేకపోయింది. అదే ఏడాది జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. అందులోని మహిళా సంఘాలు, ఎక్కువగా దళిత రైతులు, ప్రత్యామ్నాయ ప్రజా పంపిణీని నిర్మించాయి. బీడు సాగుచేసుకునే రైతుకు అప్పిచ్చి, బాకీ కింద జొన్నలు తీసుకుని, ఊళ్లోని పేదలకే తక్కువ ధరకు అమ్మేవి. ఎవరికి ఎంత అవసరమో తేల్చేది ఆ మహిళలే. ఈ అధ్యాయంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే. నాణెంపై సాధారణంగా పాలకుడే దాత, పండించినవారు అరుదుగా కనిపిస్తారు. ఇక్కడ పండించేదీ పంచేదీ వాళ్లే.

ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి లభించింది. 2023 మార్చి 18న ప్రధాని మోదీ ఢిల్లీలో అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సర నాణెం విడుదల చేశారు. దశాబ్దాలుగా జొన్న, సజ్జ, కొర్రల కోసం పోరాడిన సంస్థ సారథి పి.వి. సతీష్ ఆ మరునాడే కన్నుమూశారు.

మెయిన్స్ ప్రశ్న

2013 జాతీయ ఆహార భద్రత చట్టం బియ్యం కిలో 3, గోధుమలు 2, ముతక ధాన్యాలు (చిరుధాన్యాలు ఇందులోవే) 1 రూపాయిగా నిర్ణయించింది. అయినా రేషన్‌లో చిరుధాన్యాల వాటా ఎందుకు పెద్దగా పెరగలేదు? జహీరాబాద్ అనుభవంతో చర్చించండి.