ఒక్క రోజులో ఉక్కు వంతెన: ప్యానెళ్ల వెనుక లెక్క

2024 జూలై 30 తెల్లవారుజామున కేరళలోని వయనాడ్ జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి. చూరల్‌మల వద్ద ఏటిపై ఉన్న పాత వంతెన కొట్టుకుపోవడంతో అవతల ఉన్న ముండక్కైకి దారి తెగిపోయింది. శిథిలాలను తొలగించాలంటే పొక్లెయిన్లు, అంబులెన్సులు ఏరు దాటాలి. సైన్యంలోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ జూలై 31న పని మొదలుపెట్టింది. మర్నాటి సాయంత్రానికి 190 అడుగుల పొడవున, 24 టన్నులు మోయగల బెయిలీ వంతెన సిద్ధమైంది. ఇంత త్వరగా ఎలా సాధ్యమైంది?

అన్నీ ఒకే కొలత

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ ఇంజనీర్ డొనాల్డ్ బెయిలీ ఈ వంతెనను రూపొందించారు. దీనికి మూలం 10 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు ఉండే ఉక్కు ప్యానెల్. బరువు సుమారు 260 కిలోలు. ఆరుగురు కలిసి మోయగలరు. ప్యానెళ్లను వరుసగా పెట్టి, ఉక్కు పిన్నులతో బిగిస్తారు. అక్కడికక్కడ వెల్డింగ్ చేయనక్కర్లేదు.

వాహనం ఎక్కినప్పుడు ప్యానెల్ పై కడ్డీ నొక్కుకుపోతుంది, కింది కడ్డీ సాగుతుంది. మధ్యలోని ఏటవాలు కడ్డీలు ఆ బరువును చివరలకు చేరవేస్తాయి. మరింత బలం కావాలంటే పక్కన ఇంకో వరుస చేరుస్తారు, లేదా పైన రెండో అంతస్తు పేరుస్తారు. ఎత్తు పెరిగే కొద్దీ వంతెన వంగడం తగ్గుతుంది.

ఏరు దాటించేదెలా?

మిద్దె అంచు మీదుగా నిచ్చెనను ముందుకు తోస్తే, సగం దాటగానే తిరగబడుతుంది. వంతెనకూ అదే ప్రమాదం. అందుకే దాన్ని ఒడ్డున రోలర్లపై బిగించి, ముందు భాగానికి తేలికైన ‘ముక్కు’ను తగిలిస్తారు. ముక్కు అవతలి ఒడ్డును తాకేదాకా మొత్తం బరువు కేంద్రం రోలర్లకు వెనుకే ఉంటుంది. కాబట్టి నీటిలో ఆసరా లేకుండానే వంతెనను తోయవచ్చు. ఆ తర్వాత ముక్కును విప్పేసి, పైన దారి పరుస్తారు.

హద్దు దాటితే

2020 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని మున్సియారీ ప్రాంతంలో, పొక్లెయిన్‌ను మోసుకెళ్తున్న లారీ బరువుకు ఒక బెయిలీ వంతెన కూలింది. సరిహద్దు రహదారుల సంస్థ కొద్ది రోజుల్లోనే దాని స్థానంలో కొత్తది వేసింది. ఇప్పటి ప్యానెళ్లకు మరింత గట్టి ఉక్కు వాడుతున్నారు. తుప్పు పట్టకుండా జింకు పూత పూస్తున్నారు. అయినా పిన్నులు అరుగుతాయి, రంధ్రాలు వదులవుతాయి. వాటిని తరచూ తనిఖీ చేయాలి. వంతెన మొదట్లో బోర్డుపై రాసిన టన్నుల సంఖ్యను ప్రతి డ్రైవరూ పాటించాలి.