భజన గాయకులకు ప్రెస్ కిట్ ఎందుకు?

బోధన్ దగ్గర ఒక గుడి కమిటీవాళ్లు శ్రీరామనవమికి పాట వినిపించమంటే వాట్సాప్‌లో 11 వీడియోలు పంపాను. ఒక్కటీ తెరవలేదు, అవకాశం వేరేవాళ్లకు పోయింది.

అప్పుడు ఎలక్ట్రానిక్ ప్రెస్ కిట్ చేసుకున్నా. అంతా ఒకే లింకులో: నాలుగు వాక్యాల పరిచయం, డిచ్‌పల్లి రామాలయం మెట్లమీద తీసిన ఫొటో, ఎన్ని మైకులు కావాలో, ఫోన్ నంబరు, రెండు నిమిషాల లైవ్ వీడియో. వీడియో నేరుగా పల్లవితో మొదలవ్వాలి, పెద్దలకు ఆలాపన దాకా ఓపిక ఉండదు. స్టూడియో పాటకన్నా గుడిలో తబలా, హార్మోనియంతో పాడిందే నమ్ముతారు.

ఇంకొకటి. అన్నమయ్య (1408–1503) సాహిత్యం అందరిదీ, ఈ కాలంవాళ్లు కట్టిన బాణీ అలా కాదు. నేదునూరి కృష్ణమూర్తిగారి బాణీలో పాడితే ఆ పేరు రాయాల్సిందే. నేను మొదట "సొంత బాణీ" అని రాసి, మా గురువుగారితో చీవాట్లు తిన్నాను. ఆ రాత్రే మార్చేశా.