పరుల దృష్టి - అభ్యాసబలము

ఇంటిలో ఒంటరిగా శ్లోకమును తడబడక చదివిన బాలుడు బంధువుల యెదుట రెండవ పాదముననే ఆగిపోవుట అందఱు ఎఱిగినదే. అదే శ్లోకమును ఏండ్ల తరబడి వల్లించిన పెద్దవాడు సభలో మునుపటికంటె గంభీరముగా పఠించును. చూచు కన్నులు ఒకే తీరువి. ఒకనికి అవి బలము, వేఱొకనికి భయము. ఈ భేదమునకు కారణమేమి?

ఈ విషయమును ప్రయోగపూర్వకముగా పరిశీలించిన తొలివారిలో అమెరికా దేశీయుడగు నార్మన్ ట్రిప్లెట్ ఒకడు. సైకిలు పందెములలో ఒంటరిగా తొక్కువానికంటె తోడివారితో కలిసి తొక్కువాడు వేగముగా పోవుట ఆయన గమనించెను. పిదప 40 మంది పిల్లలచేత గాలపుదారము చుట్టు చక్రమును త్రిప్పించి, ఫలితములను 1898లో ప్రకటించెను. ప్రక్కన మఱొకరు త్రిప్పుచుండగా 20 మందికి వేగము హెచ్చెను. 10 మందికి పని చెడెను. తక్కిన 10 మందికి అంతగా మార్పు లేకుండెను.

ఒకే కారణమునకు రెండు విరుద్ధ ఫలములెట్లు కలుగును? పోలండులో జన్మించి అమెరికాలో స్థిరపడిన రాబర్ట్ జాయన్స్ 1965లో దీనికి సమాధానము చెప్పెను. పరుల సన్నిధిలో దేహమును మనస్సును ఉత్తేజము పొందును. అప్పుడు మనుష్యునకు ఏది మిక్కిలి అలవాటో అదియే ముందుగా వెలికి వచ్చును. చక్కగా నేర్చిన పనిలో ఆ అలవాటు సరియైనది గావున పని రాణించును. క్రొత్త పనిలో ముందుగా వచ్చునది తఱచు పొరపాటే గావున పని చెడును.

బల్లపై బంతులను కఱ్ఱతో కొట్టు పూల్ ఆటలో 1982లో దీనిని పరీక్షించిరి. నలుగురు దగ్గఱ నిలిచి చూడగా నేర్పరుల గుఱి నూటికి 71 నుండి 80కి పెరిగెను. నేర్పు చాలనివారిది 36 నుండి 25కి పడిపోయెను. అయితే పెక్కు పరిశోధనలను కలిపి 1983లో లెక్కించినవారు ఈ ప్రభావము సామాన్యముగా స్వల్పమేయని తేల్చిరి. కావున సభను నిందింప పనిలేదు. అభ్యాసమే ప్రధానము.

పాఠశాలలలో గురువు సంథ చెప్పి, పలుమాఱులు వల్లె వేయించి, పాఠము నోట నిలిచిన పిమ్మటనే శిష్యుని సభకు పంపుటలోని ఔచిత్యము దీనివలన తెలియుచున్నది. అతిథులు రాగానే నిన్నటి పాఠమును నేడు చెప్పుమని బాలుని నిలబెట్టుట, తడబడినచో నవ్వుట తగదు. అట్టి నవ్వు ఒక్కటి చాలును, బాలుడు ఆ విద్యకే దూరమగుటకు. మొదట ఏకాంతమున, పిదప తల్లి చెంత, ఆపై పదిమందిలో చెప్పింపవలెను. తప్పిన బాలునకు లోపించినది తెలివి కాదు. మఱికొన్ని ఆవృత్తులు మాత్రమే.