రేడియేటరు నీరు ఎటు పోవుచున్నది?

ట్రాక్టరు రేడియేటరుకు ప్రతి ఉదయము అర లీటరో లీటరో నీరు పట్టుచున్నదని, క్రింద చూడబోయిన చుక్క తడి కూడ కానరాదని దమ్ము రోజులలో కొందరు రైతులు చెప్పుచుందురు. నీరు పోసిన బండి నడచును గనుక ఎవరును అంతగా పట్టించుకొనరు. కాని రేడియేటరు, ఇంజను, వాటిని కలుపు రబ్బరు గొట్టములు అన్నియు కలిసి మూతబిగించిన పాత్ర వంటివి. అందులోని నీరు రోజురోజుకు తరుగుచున్నదనగా బయటికి కారుచుండవలెను, ఆవిరియై పోవుచుండవలెను, లేదా ఇంజను లోపలికి దిగుచుండవలెను. మొదటి రెండును తక్కువ ఖర్చుతో తీరును. మూడవదానిని ఆలస్యముగా గుర్తించినచో ఇంజను మొత్తము విప్పవలసి వచ్చును. కార్లు, జీపుల విషయమును ఇంతే.

మొదట కొలత పెట్టవలెను. ఇంజను చల్లగానున్నపుడు నిండుగా నీరు పోసి, గంటల మీటరు అంకెను పుస్తకములో వ్రాసికొనవలెను. మరల ఎన్ని గంటలకు ఎంత పట్టినదో వ్రాయుచుండిన తరుగుదల నిలకడగానున్నదో, పెరుగుచున్నదో తేలును. యంత్రములను అద్దెకిచ్చు కేంద్రములలో డ్రైవర్లు మారుచుందురు గనుక, అచ్చటి పుస్తకములో డీజిలు గడి ప్రక్కనే నీటికి కూడ ఒక గడి ఉండుట మంచిది. ఇంజను వేడిగానుండగా మూత తీయరాదు. ఒత్తిడితోనున్న నీరు ముఖముపైకి చిమ్మి ఒళ్లు కాలును.

క్రింద తడి లేనంత మాత్రమున కారుట లేదని చెప్పలేము. వేడి ఇనుముపై పడిన చుక్క అప్పటికప్పుడే ఆవిరియగును. ఇంజనును కడిగి, ఆరనిచ్చి, రాత్రి క్రింద పాత వార్తాపత్రికలు పరచి తెల్లవారి చూడవలెను. చల్లబడినపుడు గొట్టముల బిగింపులు సడలి, పగలు కారని చోట రాత్రి కారుట కలదు. బోరు నీరు పోసిన బండికి కారిన చోట తెల్లని ఉప్పుచార, కూలెంటు పోసినదానికి రంగు మరక నిలిచియుండును. నీటి పంపు ఇరుసు క్రింద చిన్న రంధ్రముండును. లోపలి సీలు అరిగినపుడు నీరు దాని గుండ కారును. కొందరు దానిని మైనముతోనో జిగురుతోనో మూయుదురు. అట్లు మూసిన నీరు బేరింగులోనికి పోయి పంపే చెడును. సీలు మార్చుటయే దారి.

తరచు దోషము రేడియేటరు మూతలోనే ఉండును. ఆ మూత ఒక కవాటము. లోపల ఒత్తిడి నిలుపుటచే నీరు 100 డిగ్రీలవద్ద మరుగక ఇంకను పైకి ఓర్చుకొనును. 0.9 బారు మూత సరిగానున్నచో మరుగు వేడి సుమారు 118 డిగ్రీల సెంటిగ్రేడు. రబ్బరు చిట్లినను, స్ప్రింగు మెత్తబడినను నీరు ముందుగానే మరిగి పొర్లిపోవును. ఇంజను చల్లారునపుడు ప్రక్క డబ్బాలోని నీటిని వెనుకకు రానిచ్చు చిన్న కవాటము కూడ మూతలోనే కలదు. అది పట్టుకొనిపోయిన, ఉదయమునకు రబ్బరు గొట్టము అణగియుండును. మూత పోయినదని గుడ్డ కుక్కి నడపరాదు. కొత్తది కొనునపుడు పాతదానిపై ముద్రించిన ఒత్తిడి అంకెనే అడుగవలెను. నూర్పిడి పొట్టు, దమ్ము బురద రేడియేటరు రెక్కలలో నిండినను, ఫ్యాను బెల్టు వదులైనను నీరు మరుగును గనుక వాటిని కూడ చూడవలెను.

ఇవన్నియు సరిగానుండియు నీరు తగ్గుచున్నచో లోపల వెదకవలెను. చల్లని ఇంజనును మూత తీసి నడిపి నీటిని చూడవలెను. మొదట కొన్ని బుడగలు వచ్చి ఆగుట సహజము. ఆగక వచ్చుచున్నచో హెడ్ గాస్కెట్టు పోయి మంట వాయువు నీటిలోనికి చేరుచున్నదని అనుమానింపవచ్చును. ఇంజను కాగిన తరువాత కూడ సైలెన్సరునుండి తెల్లని ఆవిరి వచ్చుటయు అట్టి గుర్తే. ఆయిలు కొలత కడ్డీపై మట్టము పెరిగినను, ఆయిలు పాలకాఫీ రంగు తిరిగినను అందు నీరు చేరినదన్నమాట. రాత్రంతయు నిలిచిన బండికి, స్టార్టు చేయకముందు, చాంబరు అడుగు బిరడాను కొంచెము వదులు చేసినచో, నీరు ఆయిలుకన్న బరువు గనుక ముందు నీరే కారును. నీరు కనబడిన ఆ బండిని ఇక నడుపరాదు. నీళ్ల ఆయిలుతో బేరింగులు త్వరలోనే అరిగిపోవును. ఇంజను తిరుగక బిగిసినచో తోసి స్టార్టు చేయుట మరింత ప్రమాదము; సిలిండరులో నీరున్న కనెక్టింగ్ రాడ్డు వంగును.

చాంబరులోనికి నీరు దిగుటకు హెడ్ గాస్కెట్టుతోపాటు లైనర్లు కూడ కారణము కావచ్చును. చాల ట్రాక్టరు ఇంజనులలో లైనరు చుట్టును నీరే తిరుగును. దాని అడుగు రబ్బరు రింగులు పాడైనను నీరు దిగును. డీజిలు మంట దెబ్బకు లైనరు అదురును. ఆ అదురుకు పుట్టిన ఆవిరి బుడగలు దాని గోడపై పగిలి సూదిమొన గుంటలు పెట్టును. కొన్నాళ్లకు ఆ గుంటలే రంధ్రములగును. మన మైదానములలో నీరు గడ్డకట్టదు గదా, కూలెంటు ఎందుకని అడుగువారు ఈ గుంటలను చూడవలెను. సరియైన కూలెంటులోని మందులు తుప్పును, ఈ గుంటలను అరికట్టును. ట్రాక్టరు పుస్తకములో చెప్పిన రకమునే వాడి, కలుపవలసినదైతే చెప్పిన పాళ్లలో డిస్టిల్డ్ వాటరు కలుపవలెను. బోరు నీరు పెచ్చు కట్టును.

కారు రేడియేటరులో పసుపు పోయుట కొందరు డ్రైవర్లకు అలవాటు. అది ఇల్లు చేరువరకు ఆపవచ్చును గాని, సన్నని గొట్టములు పూడిన పిదప వేడి మరింత పెరుగును. తీసివేసిన కూలెంటును కాలువలోగాని పెరటిలోగాని పారబోయరాదు. ఎక్కువ రకములలోనుండు ఇథిలీన్ గ్లైకాలు తియ్యగానుండు విషము; పశువులు, కుక్కలు రుచిమరిగి త్రాగి చచ్చును. డబ్బాలో పట్టి, మూతబిగించి, పిల్లలకు అందనిచోట ఉంచి, బండి బాగుచేయించు వర్కుషాపునకు అప్పగింపవలెను.