ఒంటి ఆవిర్లు, నిద్ర: సభ్యురాండ్రు తెలుసుకోవలసిన పాఠం

పూర్వపు వరంగల్ జిల్లా ములుగు ప్రాంతంలో ఒక పాల సంఘాన్ని తనిఖీ చేయుచుండగా సేకరణ రిజిస్టరులో ఒక విషయం మా దృష్టికి వచ్చినది. పదేళ్ళుగా పూట తప్పక పాలు పోసిన ఒక సభ్యురాలి ఖాతాలో ఆరు నెలలుగా ఉదయపు గడులు చాలావరకు ఖాళీగా ఉన్నవి. సాయంత్రపు పాలు మాత్రం యథావిధిగా వచ్చుచున్నవి. గేదెలకు జబ్బు చేసినదా అని అడిగాము. కార్యదర్శి మహిళ గనుక అసలు సంగతి ఆమెకు తెలిసినది.

"గేదెలు మంచిగనే ఉన్నయి సారూ. ఆ అక్కకే రాత్రంత ఒళ్ళు మండుతదట, చెమటలు పోస్తయట. తెల్లారంగ కన్ను మూతపడుతది. లేచేసరికి పాలబండి పోతది."

ఆమె వయసు 47 ఏళ్ళు. ముట్లు క్రమం తప్పినవి. గర్భసంచి తీయించుకుంటే వేడి పోతుందని ఎవరో చెప్పగా, ఉన్న రెండు గేదెలలో ఒకదానిని అమ్మి ఆపరేషన్ చేయించుకొనుటకు సిద్ధపడినది. ఈ పాఠం వ్రాయుటకు కారణం ఇదే. పేరు లేకుండా వ్రాయుటకు ఆమె అంగీకరించినది.

ఆవిర్లు ఎందుకు వచ్చును?

వయసుతో అండాశయాల పని తగ్గి, ఈస్ట్రోజెన్ అను హార్మోను తగ్గుతుంది. పన్నెండు నెలలు వరుసగా ముట్టు రాకపోతే ముట్లు ఆగినట్లు లెక్క. ఇది జబ్బు కాదు. కొందరు వట్టిపోయిన గేదెతో పోల్చి హాస్యమాడుదురు. అది తగని మాట.

మన కేంద్రంలోని బల్క్ కూలరు పాలను 4 డిగ్రీల వద్ద నిలుపుతుంది. దాని థర్మోస్టాట్ చెడితే పాలు చల్లగా ఉన్నా మోటారు తిరుగుచునే ఉంటుంది. మన మెదడులోనూ ఒంటి వేడిని అదుపు చేసే భాగం ఒకటి ఉన్నది. ఈస్ట్రోజెన్ తగ్గినపుడు అది అతి సున్నితమగును. కొద్దిపాటి వేడికే ఒళ్ళు కాగుచున్నదని భ్రమపడి, రక్తనాళాలను విప్పి చెమట పోయించును. ముఖం, మెడ, ఛాతీ భగ్గుమనును. కొన్ని నిమిషాలలో తగ్గి, వెంటనే చలి వేయును. కనుక ఈ వేడి గర్భసంచిలో పుట్టినది కాదు. సంచి తీసినంత మాత్రాన పోదు.

నిద్ర చెడితే ఏమగును?

మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలో జన్యువుల పుస్తకం ఒకటి ఉన్నది. అందులోని వ్రాత సాధారణంగా మారదు. కాని సంఘం లెడ్జరులో ఏ పేజీ చూడవలెనో పెన్సిలుతో గుర్తు పెట్టినట్లు, ఏ జన్యువు పనిచేయవలెనో, ఏది ఊరకుండవలెనో తెలిపే రసాయనపు గుర్తులు ఆ వ్రాతపై ఉండును. వీటిలో వచ్చే మార్పులను ఎపిజెనెటిక్ మార్పులందురు. వయసుతో ఈ గుర్తులు మారును. వాటిని చదివి ఒంటి వయసును లెక్కగట్టే పద్ధతిని 2013లో స్టీవ్ హోర్వాత్ అను శాస్త్రవేత్త ప్రకటించినారు.

2016లో అమెరికాలో ఆయనా, తోటి శాస్త్రవేత్తలూ ప్రచురించిన పరిశోధనలో, ముట్లు త్వరగా ఆగిన స్త్రీల రక్తంలో ఈ లెక్క ప్రకారం వయసు ముందుకు నడిచినట్లు తేలినది. రెండు అండాశయాలూ తీయించుకున్నవారిలోనూ అట్లే కనిపించినది. 2017లో రెండువేల పైచిలుకు స్త్రీలపై ప్రచురితమైన మరో పరిశోధనలో, నిద్రలేమి లక్షణాలు ఎక్కువగా ఉన్నవారి ఒంటి వయసు సుమారు రెండేళ్ళు ఎక్కువగా కనిపించినది. ఇవి గుంపు మీద తీసిన లెక్కలు. ఒక్క మనిషి ఆయుష్షును చెప్పవు. నిద్రలేమి వల్లనే అట్లయినదని కూడా రుజువు కాలేదు. అయినా నిద్రను చిన్నచూపు చూడరాదని తెలుపుచున్నవి.

మన రాష్ట్రపు లెక్క

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి 3.2 మంది కాగా, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. కొన్ని జబ్బులకు ఈ ఆపరేషన్ తప్పనిసరే. కాని సంచితో పాటు అండాశయాలు కూడా తీసివేస్తే, నెమ్మదిగా రావలసిన ఆవిర్లు ఒక్కసారిగా, తీవ్రంగా వచ్చును. ఎముకలు త్వరగా పలచబడును. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయవలెనని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించినది.

ఏమి చేయవలెను?

1. ఆపరేషన్ అనగానే ఒప్పుకొనరాదు. ఎందుకు, అండాశయాలు ఉంచుదురా, మందుతో తగ్గదా అని అడిగి, ప్రభుత్వ ఆసుపత్రిలో రెండవ అభిప్రాయం తీసుకొనవలెను.

2. ఆవిర్లకు మందులున్నవి. అందరికీ ఒకే మందు సరిపడదు. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు వచ్చినవారు ముందే డాక్టరుకు చెప్పవలెను.

3. ముట్లు ఆగిన ఏడాది తరువాత మరల రక్తం కనిపిస్తే ఒక్క రోజు కూడా దాచరాదు.

4. గాలి వచ్చేచోట, నూలు బట్టలతో పడుకొనవలెను. సాయంత్రం తరువాత టీ, కల్లు మానవలెను. పొగ త్రాగుట ఆవిర్లను పెంచును.

5. ఉన్న పాలన్నీ కేంద్రానికి పోయరాదు. ముట్లు ఆగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావలెను. పావు లీటరు పాలలో సుమారు 300 ఉన్నది. పాలు ఆవిర్లను తగ్గించవు, ఎముకలను కాపాడును.

6. తెల్లవారుజామున పాలు పితుకుట ఒక్క స్త్రీ పని కారాదు. ఇంటిల్లిపాదీ వంతులు వేసుకొనవలెను.

ఆ సభ్యురాలు కోడలిని వెంటబెట్టుకొని ప్రభుత్వ ఆసుపత్రి లేడీ డాక్టరు వద్దకు వెళ్ళినది. పరీక్షలు చేసి, ఆపరేషన్ అవసరం లేదన్నారు. ఆవిర్లు పూర్తిగా పోలేదు గాని తగ్గినవి. గేదెను అమ్మలేదు. మొన్నటి తనిఖీలో ఉదయపు గడులన్నీ నిండి ఉన్నవి. వారంలో నాలుగు రోజులు పాలు తెచ్చినది ఆమె, మూడు రోజులు కోడలు.

సంఘ సమావేశంలో చర్చించుటకు: మన సంఘంలో ఉదయపు పాలు ఆగిన ఖాతాలు ఎన్ని? కారణం అడిగినామా? ఏడాదికొకసారి మహాజన సభకు లేడీ డాక్టరును పిలువగలమా?