ఇంటర్వ్యూకి ముందు గడ్డం సంగతి

రొద్దం,
సంక్రాంతి తర్వాతి ఆదివారం

చిరంజీవికి,

బెంగళూరు ఐఐఎం నుంచి నీకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. ఆమె గొంతులో సంతోషం ఎంత ఉందో దిగులూ అంతే ఉంది. "ఆ గడ్డంతోనే పోతానంటున్నాడు, మీరన్నా చెప్పండి బావా" అంది. చెబుతాలేమ్మా అన్నాను గానీ, ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చేసే సంగతిగా నాకు తోచలేదు. అందుకే కూర్చుని రాస్తున్నా.

మీ అమ్మ కంగారును తేలిగ్గా తీసుకోవద్దు. మన ఇళ్లల్లో ఇంటర్వ్యూ కొత్త. నీ చదువంతా ర్యాంకుల మీదే నడిచింది. ఈఏపీసెట్‌లో ర్యాంకు, వెబ్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు, అనంతపురం జేఎన్‌టీయూలో సీటు. ఎక్కడా ఎవరూ నీ ముఖం చూసి తీసుకోలేదు. డాక్టరు చదువుకైనా ఇప్పుడు నీట్ ర్యాంకే. ఒకప్పుడు వెల్లూరు సీఎంసీ వైద్య కళాశాలలో పిల్లల్ని పిలిపించి, రోజుల తరబడి ఉంచుకుని, మాట్లాడి చూసి తీసుకునేవాళ్లు. ఇవాళ ఎదురుగా కూర్చోబెట్టుకుని సీటు ఇచ్చే చోట్లు తక్కువ. ఐఐఎంలు, పుణేలో సైనిక వైద్య కళాశాల ఏఎఫ్ఎంసీ, ఇంకొన్ని. ఇరవై ఒక్కేళ్లు వచ్చాక మొదటిసారి నువ్వు అలాంటి గదిలోకి పోతున్నావు. ఏం వేసుకోవాలి, ఎలా కనబడాలి అని ఇంట్లోవాళ్లు తల్లడిల్లడం సహజం.

అసలు సంగతికి వస్తాను. ఐఐఎంలు ఎవరిని ఎలా ఎంచుకుంటాయో ప్రతి ఏడూ బయటపెడతాయి. క్యాట్ ప్రవేశపరీక్ష స్కోరు, పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు, ఉద్యోగానుభవం, ఇంటర్వ్యూ. గడ్డానికంటూ అందులో మార్కుల్లేవు. బ్యాంకులో ఉన్నప్పుడు నేనూ ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్నాను. పిల్లవాడు బయటికి వెళ్లాక మేము అతని గడ్డం గురించి మాట్లాడుకున్నది లేదు. అలాగని ముఖం లెక్కలోకి రాదని చెబితే నీకు అబద్ధం చెప్పినట్టే. సమాధానం చెబుతూ గడ్డం నిమురుకునేవాళ్లు, మీసం కొస పట్టుకుని లాగేవాళ్లు, చెంప గోక్కునేవాళ్లు వచ్చేవాళ్లు. మా కళ్లు ఆ చేతి వెంటే పోయేవి. అతను చెప్పిన మంచి మాట సగం మా చెవిన పడేది కాదు. ఇంకోటి, గడ్డం పెంచినవాడికీ గడ్డం పెరిగిపోయినవాడికీ తేడా తలుపు దగ్గరే తెలిసిపోతుంది. మొదటివాడు అద్దం ముందు నిలబడి తన ముఖాన్ని గురించి ఆలోచించుకున్నాడు, రెండోవాడు ఆలోచించలేదు. ఎదుటివాళ్లు చూసేది ఆ శ్రద్ధనే.

ఇక నీ గడ్డం. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నావు, మండలం రోజులు కత్తి తగలనివ్వలేదు, క్యాట్ కూడా మాలలోనే రాశావు. నాకు అది ఎంతో ఇష్టమైంది. ఇంటర్వ్యూ ఆ రోజుల్లోనే పడి ఉంటే నల్ల బట్టలతో, ఆ గడ్డంతోనే పొమ్మని నేనే చెప్పేవాణ్ని. దక్షిణాదిలో కూర్చున్న ఏ ప్రొఫెసరుకూ స్వామి మాల అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. కానీ శబరిమల పోయి వచ్చావు, మాల తీశావు. ఇప్పుడు మిగిలిన గడ్డం స్వామిది కాదు, నీది. ఉంచుకోవడమా తీసేయడమా అన్నది ఇక నీ ఇష్టం మీద ఉంది. దీక్ష పేరు చెప్పి ఆ నిర్ణయాన్ని వాయిదా వేయొద్దు.

నా సలహా అడిగితే, సంక్రాంతికి నిన్ను దగ్గరగా చూసి చెబుతున్నా. మీసం నిండుగా వచ్చింది, దవడ కింద బాగుంది, చెంపల మీద మాత్రం ఇంకా పలచగా, అక్కడక్కడ ఖాళీగా ఉంది. నీ వయసులో అది మామూలే, చాలామందికి ఇరవై అయిదు దాటాక గానీ నిండదు. అందుకని చెంపలూ గడ్డమూ తీయించి మీసం ఉంచుకుంటే నీ ముఖానికి నప్పుతుంది. కాదు, గడ్డం ఉండాల్సిందే అనుకుంటే పొట్టిగా, ఒకే మట్టంగా కత్తిరించుకో. చెంప మీద పై గీత, మెడ మీద కింది గీత శుభ్రంగా ఉండాలి. గొంతుముడి కిందికి వెంట్రుక కనబడకూడదు. మీసం పై పెదవి మీదికి దిగకూడదు. మాట్లాడేటప్పుడు పెదవి కదలిక అవతలివాళ్లకు కనబడాలి. మన సీమ మీసాన్ని సినిమాలు ఏదో చేసి పెట్టాయి. దాన్ని మెలితిప్పి పోవాల్సిన పని లేదు, సీమవాణ్నని సిగ్గుపడి గొరిగించుకోవాల్సిన పనీ లేదు.

ఏది చేసినా ఇంటర్వ్యూకి రెండు వారాల ముందే చెయ్యి. ఈ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. మూడు నెలలు గడ్డం కింద ఉన్న చర్మానికి ఎండ తగలదు. తీయగానే నుదురు ఒక రంగు, దవడ ఒక రంగుగా కనిపిస్తుంది. ఆ చర్మం లేతగా ఉంటుంది, బ్లేడు పడితే మండుతుంది, ఎర్రగా పొక్కుతుంది. అన్నిటికీ మించి నీ చెయ్యి లేని గడ్డాన్ని వెతుక్కుంటూ మాటిమాటికీ దవడ మీదికి పోతుంది. ఆ అలవాటు పోవడానికి కొన్నాళ్లు పడుతుంది. ఇంటర్వ్యూ పొద్దున అద్దంలో కొత్త మనిషి కనిపించకూడదు. ఉంచుకునేట్టయితే ఇప్పుడొకసారి సరిచేయించి, మళ్లీ రెండు మూడు రోజుల ముందు చేయించుకో. గడ్డం రోజుకు మిల్లీమీటరులో మూడోవంతు పైచిలుకు పెరుగుతుంది, రెండు మూడు రోజుల్లో కొత్తగా కత్తిరించిన గరుకుతనం పోయి కుదురుకుంటుంది.

మన వైపు కటింగ్ షాపులు చాలావరకు మంగళవారం మూసేస్తారు, బెంగళూరులోనూ అంతే. నీ ఇంటర్వ్యూ బుధవారం పడితే సోమవారమే పని ముగించు. శనివారం వద్దని మీ అమ్మ అంటుంది, ఆమె మాటా కాదనకుండా రోజు చూసుకో. కొత్త షాపుకి, కొత్త మనిషి దగ్గరికి ఆ వారంలో పోవద్దు. చిన్నప్పటి నుంచి నీ తల చేసిన ఆయన దగ్గరికే పో, ఆయనకు నీ సుడి ఎక్కడుందో, వెంట్రుక ఎటు తిరిగి మొలుస్తుందో తెలుసు. ఆయన బ్లేడును కాగితంలో ఉండగానే మధ్యకు విరిచి, సగం ముక్కను కత్తిలో పెట్టడం చూస్తూ ఉండు. కొత్త ముక్కే పెట్టమని నోరు తెరిచి అడుగు, అందులో మొహమాటం వద్దు. పాత బ్లేడుతో కామెర్ల వ్యాధులు, అంతకన్నా పెద్దవీ అంటుకుంటాయి. ఇంట్లో చేసుకుంటే గోరువెచ్చని నీళ్లతో తడిపి, వెంట్రుక మొలిచిన దిక్కునే గీయాలి. ఎదురు గీస్తే నున్నగా వస్తుంది గానీ, వెంట్రుక చర్మంలోపలికే తిరిగి పొక్కులవుతాయి. తెగితే పటిక రాయి తడిపి అద్దు. పౌడరు దట్టించవద్దు. తలకు నూనె ముందురోజు పెట్టుకుని స్నానం చేసెయ్. బొట్టు రోజూ పెట్టుకునేవాడివే కాబట్టి ఆ రోజూ పెట్టుకో.

నీతో హిందూపురంలో ఇంటర్ చదివిన ఆ సాయిబుల పిల్లవాడు కూడా క్యాట్ రాశాడని చెప్పావు కదా. ఈ ఉత్తరం అతనికి చూపిస్తే, తీయమని నేను రాసింది అతనికి కాదని చెప్పు. అతని గడ్డం దీన్ ప్రకారం, అంటే వాళ్ల మతం ప్రకారం పెంచుకున్నది. దాన్ని శుభ్రంగా దువ్వుకుని పోవాలి, అంతే. అది చూసి వేరే లెక్కలు వేసేవాళ్లు లోకంలో లేరని నేను అనను, ఉన్నారు. వాళ్ల కోసం అతను తన ముఖం మార్చుకోవాలని మాత్రం నా నోటితో చెప్పలేను. ఇంట్లో మనిషి పోయి తలా మీసమూ తీసుకున్నవాడికీ, తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చినవాడికీ ఇదే మాట. ఎవరైనా అడిగితే ఒక్క వాక్యంలో చెప్పి, తర్వాతి ప్రశ్నకు సిద్ధంగా ఉంటే చాలు.

గడ్డం తీయక తప్పని చోట్లు వేరే ఉన్నాయి. అవి వృత్తిని బట్టి వచ్చినవి. ఏఎఫ్ఎంసీలో చదివినవాళ్లు సైనిక వైద్యులవుతారు. మన సైన్యంలో, వైమానిక దళంలో సిక్కులకు తప్ప మామూలుగా గడ్డం కుదరదు. నావికాదళంలో 1971 నుంచి పై అధికారి అనుమతితో పెంచుకోవచ్చు. వైమానిక దళంలో ఒక ముస్లిం ఉద్యోగి గడ్డం తీయనని పట్టుబట్టి ఉద్యోగం పోగొట్టుకుంటే, 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా దళం నిబంధననే సమర్థించింది. ఆ తీర్పు నాకు కొంచెం కష్టంగానే అనిపిస్తుంది, కానీ ఆ దారిలో పోయేవాడికి ఆ నియమం ముందే తెలిసి ఉండాలి. ఆసుపత్రుల్లో కారణం ఇంకోటి. ఎన్-95 మాస్కు అంచు చర్మానికి అతుక్కుంటేనే పనిచేస్తుంది, మధ్యలో గడ్డం అడ్డొస్తే సందుల్లోంచి గాలి దూరుతుంది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2017లో ఏ గడ్డం, ఏ మీసం మాస్కుకు కుదురుతుందో బొమ్మలు వేసి మరీ చూపించింది. మాస్కు లోపల ఇమిడిపోయే మీసానికి ఇబ్బంది లేదు. నీ చదువులో ఈ రెండు గొడవలూ లేవు.

అందుకని అద్దం ముందు గడిపే సమయం తగ్గించి, నిన్ను ఏం అడుగుతారో దాని మీద పెట్టు. ఊరు రొద్దం అని రాసిన దరఖాస్తు వాళ్ల చేతిలో ఉంటుంది. పక్కనే పెనుకొండలో కియా ఫ్యాక్టరీ వచ్చింది కదా, దాని వల్ల మీ ఊళ్లో ఏం మారిందని అడుగుతారు. 2017లో ఒప్పందం, 2019లో కార్లు బయటికి రావడం, మొదట్లో ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం, ఇవి ఎవరైనా చెబుతారు. నీ క్లాస్‌మేట్లలో ఎందరు అక్కడ పనికి చేరారు, ఏ పనిలో చేరారు, ఎకరా ధర ఏమైంది, అది నువ్వే చెప్పగలవు. నంది కొండల్లో పుట్టిన పెన్న మన ఊరి దగ్గర ఎందుకు ఇసుకై పోయిందని అడగొచ్చు. వేరుశనగ నుంచి మల్బరీకి మారిన రైతు లెక్క ఏమిటి, హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో ధర ఎవరు నిర్ణయిస్తారు, ధర్మవరం చీరకు గుర్తింపు ఉన్నా మగ్గం మీది మనిషికి కూలి ఎందుకు పెరగదు, ఇవన్నీ మేనేజ్‌మెంటు ప్రశ్నలే. మీ నాన్నతో ఒక సాయంత్రం కూర్చుని అడుగు, ఆయన దగ్గర లెక్కలున్నాయి.

ముందురోజు సాయంత్రానికే బెంగళూరు చేరిపో. ఐఐఎం ఉన్న బన్నేరుఘట్ట రోడ్డు రైల్వే స్టేషన్‌కు దూరం, పొద్దున ట్రాఫిక్‌ను నమ్ముకోవద్దు. ఇంటర్వ్యూ జరిగే ఫిబ్రవరిలో అక్కడ మధ్యాహ్నం ఎండ ఉంటుంది, ఎవరి కోటో అడిగి తెచ్చుకోవద్దు. భుజం దగ్గర సరిపోని కోటు కన్నా ఇస్త్రీ చేసిన నీ సొంత చొక్కా మేలు.

మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. సీటు వస్తే నీ తలనీలాలు తిరుమలలో ఇప్పిస్తానని మొక్కుకుందట, ఇంటర్వ్యూకి ముందే తీర్చేస్తే మంచిదేమో అని అడిగింది. ఫలితం వచ్చాక అందరం కలిసి పోదామని నచ్చజెప్పాను, ఒప్పుకుంది. గడ్డం విషయం నువ్వు ఏం అనుకున్నావో ఆమెకు నువ్వే ఫోన్ చేసి చెప్పు, నా ద్వారా వద్దు.

మీ పెద్దనాయన